హారంలో దాగిన మరణాలు

2005 చివర్లో అమెరికాలో ఒక ఈమెయిల్ ఊరూరా తిరిగింది. దాని సారాంశం ఇది. ఇరాక్‌లో 22 నెలలుగా సగటున 1,60,000 మంది అమెరికా సైనికులున్నారు, 2,112 మంది చనిపోయారు, అంటే లక్షకు 60 మంది. రాజధాని వాషింగ్టన్‌లో తుపాకీ చావుల రేటు లక్షకు 80.6. కాబట్టి తూటాకు బలయ్యే ప్రమాదం ఇరాక్ యుద్ధభూమిలో కన్నా సొంత రాజధానిలోనే ఎక్కువ!

ఈ లెక్కను కాగితం మీద వేసి చూద్దాం. 2,112ను 1,60,000తో భాగించి లక్షతో హెచ్చిస్తే వచ్చేది 60 కాదు, 1,320. ఆ 1,320ని మళ్ళీ 22తో భాగిస్తే సరిగ్గా 60 వస్తుంది. అంటే ఆ 60 ఒక్క నెల లెక్క. దాని పక్కన నిలబెట్టిన 80.6 ఏడాది లెక్క. ఈమెయిల్ అంకెల్నే నమ్మి ఏడాదికి మార్చినా లక్షకు 720 అవుతుంది. పైగా 80.6 అన్నది ఆ సంవత్సరపు అంకె కూడా కాదు. 1991లో, క్రాక్ కొకైన్ ముఠాలు వాషింగ్టన్ వీధుల్ని పంచుకున్న రోజుల్లో, ఆ నగరంలో 482 హత్యలు జరిగాయి. అప్పటి రేటు అది. 2005 నాటికి అది 35 దగ్గరికి దిగింది. ఇంకో సంగతి: ఒకవైపు నగరంలోని హత్యలు, రెండోవైపు రోడ్డుపక్క బాంబులు, హెలికాప్టర్ కూలిపోవడాలు, వాహన ప్రమాదాలతో సహా సైనికుల చావులన్నీ. రెండూ ఒకే రకం మరణాలు కావు.

ఇన్ని తప్పులున్న ఆ ఈమెయిల్‌ను చాలామంది నమ్మారు. అయితే అది తప్పని తేల్చి వదిలేస్తే సరిపోదు. అది అడిగిన ప్రశ్న మంచి ప్రశ్నే. యుద్ధం జరుగుతున్న చోట హింసతో చనిపోయే ప్రమాదం ఎంత? యుద్ధం లేని నగరంలో ఎంత? రెండింటినీ పోల్చవచ్చా? పోల్చవచ్చు. ఎవరు, ఎంతకాలం, ఏ సరిహద్దు లోపల అన్న మూడు సంగతులూ రెండువైపులా ఒకే తీరుగా ఉండాలి. అలా పోల్చినప్పుడు వచ్చే జవాబు ఆ ఈమెయిల్ చెప్పినదానికన్నా ఎక్కువ కలవరపెడుతుందని నా అభిప్రాయం.

ఈ పనిని ఓపిగ్గా చేసినవాళ్ళలో పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయపు జనాభా శాస్త్రవేత్త శామ్యూల్ ప్రెస్టన్, ఆయనతో కలిసి పనిచేసిన ఎమిలీ బజెల్ ఉన్నారు. 2003 మార్చి 21 నుంచి 2006 మార్చి 31 దాకా ఇరాక్‌లో చనిపోయిన అమెరికా సైనికులు 2,321 మంది. మూడేళ్ళకు ఇంతే అయినప్పుడు ఈమెయిల్ చెప్పిన 22 నెలలకు 2,112 అన్నది ఎలా పొసగదో ఇక్కడే తెలిసిపోతుంది. ఇది లవం. హారం దగ్గరే అసలు కష్టం. సైనికులు వస్తూ పోతూ ఉంటారు. ఒకరు ఏడాది ఉంటారు, ఒకరు ఏడు నెలలు, ఇంకొకరు రెండోసారీ వస్తారు. ఎంతమంది వెళ్ళారన్నది కాదు, అందరూ కలిసి ఆ ప్రమాదంలో ఎంతకాలం గడిపారన్నది కావాలి. మన ఉపాధి హామీ పనుల్లో పనిదినాలు లెక్కగట్టే పద్ధతే ఇది. పది మంది ఆరు రోజులు చెరువు పూడిక తీసినా, ఆరుగురు పది రోజులు తీసినా మస్టర్‌లో అరవై పనిదినాలే. ప్రెస్టన్, బజెల్ అలా కూడితే ఇరాక్‌లో అమెరికా సైనికులు గడిపింది 5,92,002 మనిషి-సంవత్సరాలని తేలింది. 2,321ని దాంతో భాగిస్తే ఏడాదికి లక్షకు 392. ఆ చావుల్లో 79 శాతం శత్రువు చేతిలో, మిగతావి ప్రమాదాలు, జబ్బులు వగైరా. అంటే శత్రువు చేతి చావులు లక్షకు 310 దగ్గర. ఆనాటి వాషింగ్టన్ హత్యల రేటుకు అది దాదాపు తొమ్మిది రెట్లు. వియత్నాం యుద్ధంలో అమెరికా సైనికుల మరణాల రేటు ఈ 392కు 5.6 రెట్లు ఉండేదని కూడా వాళ్ళు లెక్కగట్టారు.

అక్కడితో ఆగి ఉంటే ఈమెయిల్‌కు అది గట్టి జవాబు అయ్యేది. వాళ్ళు ఆగలేదు. ఇరాక్‌లో ఉన్నవాళ్ళలో ఎక్కువమంది యువకులు, మగవాళ్ళు. వాళ్ళను పిల్లలు, ముసలివాళ్ళు, ఆడవాళ్ళు అందరూ ఉన్న నగరంతో ఎందుకు పోల్చాలి? నగరంలోనూ యువకుల్నే తీసుకోవాలి కదా. ఫిలడెల్ఫియాలో 20 నుంచి 34 ఏళ్ళ నల్లజాతి మగవాళ్ళ మరణాల రేటు 2002లో లక్షకు 437. ఇరాక్‌లో ఉన్న సైనికుల రేటు కన్నా 11 శాతం ఎక్కువ. ఆ మరణాల్లో సగానికి కాస్త పైగా హత్యలే. హత్యల్ని మాత్రమే విడదీసి శత్రువు చేతి చావులతో పోలిస్తే ఇరాక్ అంకె ఇంకా పెద్దదే. అయినా ఒక శాంతియుత నగరంలో ఒక వయసు, ఒక రంగు కుర్రాళ్ళకు బతుకు యుద్ధానికి వెళ్ళిన సైనికుడి బతుకంత అనిశ్చితంగా ఉందన్న మాట నిలుస్తుంది. మొత్తం నగరపు సగటు ఆ కుర్రాళ్ళను మింగేసింది.

2022 డిసెంబరులో వైద్య పత్రిక 'జామా నెట్‌వర్క్ ఓపెన్'లో ఇదే తోవలో ఇంకో అధ్యయనం వచ్చింది. బ్రాండన్ డెల్ పోజో, ఆయన సహచరులు షికాగో, ఫిలడెల్ఫియా, న్యూయార్క్, లాస్ ఏంజెలెస్‌లలో 2020, 2021 సంవత్సరాల కాల్పుల రికార్డులు తీసుకున్నారు. 18 నుంచి 29 ఏళ్ళ మగవాళ్ళనే లెక్కలోకి తెచ్చారు. ప్రతి నగరాన్నీ జిప్ కోడ్ వారీగా, అంటే మన పిన్‌కోడ్‌ల లాంటి ముక్కలుగా విడగొట్టారు. అఫ్గానిస్తాన్‌లో అమెరికా సైనికులకు పోరులో చనిపోయే రేటు ఏడాదికి లక్షకు 395. షికాగోలో అత్యంత హింసాత్మకమైన జిప్ కోడ్‌లో తుపాకీ హత్యల రేటు లక్షకు 1,277. అంటే 3.23 రెట్లు. ఫిలడెల్ఫియాలో అలాంటి జిప్ కోడ్‌లో 1.9 రెట్లు.

లక్షకు 1,277 అని చదవగానే వేలమంది శవాలు కళ్ళ ముందు మెదులుతాయి. ఆ జిప్ కోడ్‌లో ఆ వయసు మగవాళ్ళు మొత్తం 2,585 మంది. 1,277ను ఆ సంఖ్యకు దింపితే ఏడాదికి 33 మంది. ఒక కాలేజీలో రెండున్నర వేలమంది కుర్రాళ్ళు చదువుతున్నారనుకోండి, ఏటా ముప్పై ముగ్గుర్ని కాల్చి చంపుతున్నారన్నమాట. అలాంటి కాలేజీ మన జిల్లాలో ఎక్కడున్నా ప్రభుత్వం ఒక్క నెల నిలబడదు. షికాగోలో ఆ పేట ఆ రెండేళ్ళూ అలాగే ఉంది, ఆ పిల్లలు రోజూ అదే వీధిలో బస్సు ఎక్కారు. ఆ నాలుగు నగరాల్లో కాల్పులకు చనిపోయినవాళ్ళలో 96.2 శాతం నల్లజాతి, హిస్పానిక్ యువకులే. సైనికుడికి ఒక డ్యూటీ కాలం ఉంటుంది, అది ముగిస్తే ఇంటికి వెళ్తాడు. వీళ్ళకు ఇల్లే అది.

ఈ అధ్యయనం మీద ఒక అభ్యంతరం న్యాయమైనదే. నగరంలో అన్నిటికన్నా చెడ్డ ముక్కను, కరోనా కాలంలో హత్యలు ఎగసిన రెండేళ్ళనూ తీసుకుని, యుద్ధంలో మాత్రం వంటశాలలో, కంప్యూటర్ ముందు పనిచేసేవాళ్ళతో సహా మొత్తం సైన్యపు సగటును ఎదురుగా పెడితే తూకం ఒకవైపు మొగ్గదా? పరిశోధకులకు ఆ సంగతి తెలుసు. అందుకే ఇరాక్‌లో తీవ్రంగా పోరాడిన ఒక బ్రిగేడ్‌ను కూడా విడిగా తీసి పోల్చారు. అప్పుడు కూడా షికాగో కుర్రాళ్ళ ప్రమాదమే ఎక్కువని తేలింది, ఫిలడెల్ఫియా వాళ్ళది ఇంచుమించు సమానం. న్యూయార్క్, లాస్ ఏంజెలెస్‌లలో మాత్రం అత్యంత చెడ్డ జిప్ కోడ్‌లలో సైతం అఫ్గానిస్తాన్ సైనికుడి కన్నా 70 నుంచి 91 శాతం తక్కువ ప్రమాదం. ఒకే దేశం, అవే తుపాకులు, అదే కరోనా. కాబట్టి పెద్ద నగరమంటేనే ఇలా ఉంటుందన్న వాదన చెల్లదు.

2021లో మొత్తం షికాగోలో 800 దాకా హత్యలు జరిగాయి, జనాభా 27 లక్షలు. రేటు లక్షకు 30 దగ్గర. ఒక జిప్ కోడ్ కుర్రాళ్ళకు 1,277, నగరానికంతటికీ 30. గుంటూరులోనో కరీంనగర్‌లోనో కూర్చుని, షికాగోలో చదువుతున్న బిడ్డ గురించి టీవీలో కాల్పుల వార్త రాగానే గుండె జారిపోయే తల్లిదండ్రులు చాలామంది. మనవాళ్ళు ఎక్కువగా ఉండే నేపర్విల్, షాంబర్గ్ అసలు షికాగో నగర పరిధిలోకే రావు. అక్కడి పోలీసు లెక్క వేరు. రాత్రి పెట్రోలు బంకుల్లో, దుకాణాల్లో పార్ట్‌టైమ్ పనిచేసే మన విద్యార్థులు దోపిడీ కాల్పుల్లో చనిపోయిన సంఘటనలు అమెరికాలో జరిగాయి, ఆ భయం ఉత్తది కాదు. కానీ 'షికాగో' అన్న పేరు ఆ భయానికి సరైన కొలత కాదు. ఏ పేట, ఏ వేళ, ఏ పని అన్నవే కొలత.

యేల్ విశ్వవిద్యాలయంలో ఉన్నప్పుడు సామాజిక శాస్త్రవేత్త ఆండ్రూ పాపాక్రిస్టోస్ బృందం ఇంకా లోతుకు దిగింది. షికాగోలో కలిసి అరెస్టైనవాళ్ళ సంబంధాలతో ఒక వల గీశారు. తూటా గాయాలై బతికినవాళ్ళలో 70 శాతం, నగర జనాభాలో 6 శాతం కన్నా తక్కువమంది ఉన్న ఆ వలలోనే దొరికారు. ఒక స్నేహితుడికి తూటా తగిలిన కొన్ని నెలలకు ఇంకో స్నేహితుడికి తగలడం, అంటువ్యాధి పాకినట్టు పాకడం వాళ్ళు చూశారు. అంటే జిప్ కోడ్ కూడా పెద్ద ముక్కే. పక్క వీధిలో ఉన్న కుర్రాడికీ ఆ వలలో ఉన్నవాడికీ ప్రమాదం ఒకటి కాదు.

సరిహద్దు ఎక్కడ గీస్తామన్నది ఎంత మార్చేస్తుందో చూడాలంటే 2010లో రియో గ్రాండే నది ఒడ్డుకు వెళ్ళాలి. దక్షిణాన మెక్సికో నగరం సియుదాద్ హువారెస్. సినలోవా, హువారెస్ మాదకద్రవ్య ముఠాలు కొట్టుకుంటున్న ఆ ఏడాది అక్కడ మూడు వేలమందికి పైగా హత్యకు గురయ్యారు, రేటు లక్షకు 200 దాటింది. నదికి ఉత్తరాన టెక్సాస్ నగరం ఎల్ పాసో. ఆ ఏడాది అక్కడి హత్యలు 5. ఒక వంతెన దాటితే చాలు. రెండు నగరాల్నీ కలిపి ఒక సగటు తీస్తే ఆ సగటు రెండు ఒడ్డుల్లో ఏ ఒక్కరి బతుకునూ చెప్పదు.

కాలపు సరిహద్దూ అంతే. 1994లో ర్వాండాలో వంద రోజుల్లో ఐదు లక్షల నుంచి ఎనిమిది లక్షల మందిని చంపారు. దాన్ని పదేళ్ళకు పరిచి సగటు చూపిస్తే ఆ వంద రోజులు కనబడకుండా పోతాయి.

రేటు కాక ఒట్టి సంఖ్యలు చెప్పేవాళ్ళ విషయంలో ఇంకా జాగ్రత్త కావాలి. 2016లో బ్రెజిల్ ప్రజాభద్రతా వేదిక ఒక లెక్క ప్రకటించింది. 2011 నుంచి 2015 దాకా బ్రెజిల్‌లో హింసాత్మక మరణాలు 2,78,839. దాదాపు అదే కాలంలో సిరియా యుద్ధంలో 2,56,124. బ్రెజిల్ సిరియాను దాటిందని పలు పత్రికలు రాశాయి. బ్రెజిల్ జనాభా 20 కోట్లు, సిరియాది యుద్ధానికి ముందు 2.1 కోట్లు. ఏడాదికి లక్షకు తెస్తే బ్రెజిల్ 28, సిరియా 250కి పైన. సిరియా నుంచి అప్పటికే 40 లక్షల మంది దేశం వదిలి పోయారు కాబట్టి అక్కడ మిగిలినవాళ్ళకు అసలు ప్రమాదం ఇంకా ఎక్కువ. యుద్ధంలో హారం కూడా కరిగిపోతూ ఉంటుంది.

ఎల్ సాల్వడార్‌లో ఇదే సంగతి ఒకే దేశంలో జరిగింది. 1980 నుంచి 1992 దాకా అక్కడ అంతర్యుద్ధం. మృతులు సుమారు 75,000, సగటున ఏడాదికి 6,250. యుద్ధం ముగిసిన 23 ఏళ్ళకు, 2015లో, మారా సాల్వత్రుచా, బారియో 18 ముఠాల కాలంలో ఒక్క ఏడాదిలో 6,656 హత్యలు. యుద్ధం కన్నా శాంతే ఎక్కువమందిని చంపింది. జనాభా పెరిగింది గనుక రేటు మాత్రం యుద్ధకాలం కన్నా కొంచెం తక్కువ: అప్పుడు లక్షకు 125 దాకా, 2015లో 105 దాకా. ఆ తేడా చూసుకుని తృప్తిపడేవాళ్ళెవరూ రాజధాని సాన్ సాల్వడార్ వీధుల్లో ఉండి ఉండరు.

నిజంగానే యుద్ధాన్ని దాటిన నగరాలు లేవా? ఉన్నాయి. ఉత్తర ఐర్లండ్‌లో బాంబులు, సైన్యం, ముఖాలకు ముసుగులు అని మనం చదివిన ఆ కాలంలో అన్నిటికన్నా దారుణమైన ఏడాది 1972. మృతులు సుమారు 480, జనాభా 15 లక్షలు, రేటు లక్షకు 32. రెండేళ్ళ తర్వాత అమెరికాలో కార్ల నగరం డెట్రాయిట్‌లో 714 హత్యలు, జనాభా 14 లక్షలు, రేటు 51. ఉత్తర ఐర్లండ్ రాజధాని బెల్‌ఫాస్ట్ పేరు ప్రపంచానికంతటికీ తెలిసింది. డెట్రాయిట్ మృతుల గురించి ప్రపంచం అంతగా మాట్లాడలేదు.

ఇప్పటిదాకా హారం గురించే చెప్పుకున్నాం. యుద్ధం విషయంలో లవమే చేతికి అందదు. నగరంలో హత్య జరిగితే శవపంచనామా, పోస్టుమార్టం, ఎఫ్‌ఐఆర్, చివరికి జాతీయ నేర రికార్డుల బ్యూరో పట్టిక. 2022లో మన దేశంలో 28,522 హత్య కేసులు, రేటు లక్షకు 2.1 అని ఇంత కచ్చితంగా చెప్పగలుగుతున్నామంటే వెనక ఆ కాగితాల గొలుసు ఉంది. యుద్ధం మొదట తెంపేది ఆ గొలుసునే.

ఇరాక్‌లో 2003 మార్చి నుంచి 2006 జూన్ దాకా హింసతో చనిపోయినవారెందరు? పత్రికా వార్తలు ఏరి కూర్చిన 'ఇరాక్ బాడీ కౌంట్' 47,668 అంది. ఇరాక్ ప్రభుత్వం, ప్రపంచ ఆరోగ్య సంస్థ కలిసి 9,345 ఇళ్ళు తిరిగి చేసిన సర్వే 1,51,000 అంది. జాన్స్ హాప్కిన్స్ పరిశోధకులు 1,849 ఇళ్ళ సర్వేతో 'లాన్సెట్'లో ఇచ్చిన అంకె 6,01,027. ఒకే దేశం, దాదాపు ఒకే కాలం, 48 వేల నుంచి 6 లక్షల దాకా. వార్తల మీద ఆధారపడితే విలేకరి వెళ్ళలేని ఊరి చావులు రావు. సర్వే చిన్నదైతే, బాగా దెబ్బతిన్న కొన్ని వీధులు శాంపిల్‌లో పడగానే అంకె ఎగిరిపోతుంది. ఈ మూడింటిలో మధ్య అంకెను చాలామంది నిపుణులు నమ్ముతారు; నేనూ దానివైపే మొగ్గుతాను, అది ఎక్కువ ఇళ్ళు, ఎక్కువ ప్రాంతాలు తిరిగింది గనుక.

2006 మేలో అమెరికా ప్రతినిధుల సభలో ఒక సభ్యుడు ఇరాక్ పౌరుల హింసాత్మక మరణాల రేటు లక్షకు 27.51, వాషింగ్టన్‌ది 45 అని చెప్పి, వాషింగ్టన్‌లో ఉండే తన భార్యకే ఎక్కువ ప్రమాదమన్నాడు. ఆ సంవత్సరానికి ఐక్యరాజ్యసమితి ఆస్పత్రులు, మార్చురీల నుంచి పోగుచేసిన ఇరాక్ పౌరుల మృతుల సంఖ్య 34,452. రేటు లక్షకు 120 దాటుతుంది. అందులో సగం దాకా బాగ్దాద్‌లోనే. ఉత్తరాన కుర్దుల ప్రాంతం అదే ఏడాది చాలావరకు ప్రశాంతంగా ఉంది. నిజామాబాద్, జగిత్యాల వైపు నుంచి తర్వాతి కాలంలో ఇరాక్‌కు కూలికి వెళ్ళిన మనవాళ్ళు కుర్దుల ప్రాంతంలోని ఎర్బిల్‌లో పని దొరికితే ఒక ధైర్యం, ఇంకెక్కడో అయితే ఇంకో భయం అనుకునేది ఇందుకే.

రికార్డులు చెదిరిపోయిన చోట మృతుల సంఖ్య అంచనా వేయడానికి ఒక పద్ధతి ఉంది. దాని మూలాల్లో ఒకటి మన దేశంలోనే ఉంది. సి. చంద్రశేఖరన్ అనే భారతీయ గణాంకవేత్త, అమెరికన్ ఎడ్వర్డ్స్ డెమింగ్‌తో కలిసి, కలకత్తా దగ్గర సింగూరులో నమోదైన జనన మరణాల మీద పనిచేసి 1949లో ఒక పత్రం ప్రచురించారు. రెండు జాబితాలు వేరువేరుగా తయారై ఉంటే, రెండింటిలోనూ ఉన్న పేర్ల సాయంతో రెండింటిలోనూ లేనివాళ్ళెందరో చెప్పవచ్చన్నది దాని సారం. ఆస్పత్రి జాబితాలో 60 పేర్లున్నాయి. బంధువులు చెప్పిన జాబితాలో 50 ఉన్నాయి. రెండింటిలోనూ ఉన్నవి 30. బంధువులు చెప్పిన 50లో 30 ఆస్పత్రికి దొరికాయంటే ఆస్పత్రి నూటికి అరవై మందినే పట్టుకుంటోందన్నమాట. ఆస్పత్రి 60 అంటే అసలు మృతులు 100. రెండు జాబితాల్లో కలిపి 80 పేర్లే ఉన్నాయి, 20 మంది ఎక్కడా లేరు.

గాజాకు ఈ పద్ధతినే వాడారు. 2023 అక్టోబరు 7 నుంచి 2024 జూన్ 30 దాకా ఆరోగ్య శాఖ ప్రకటించిన మృతులు 37,877. లండన్ పరిశోధకురాలు జీనా జమాలుద్దీన్ బృందం మూడు జాబితాలు తీసుకుంది: మార్చురీల రికార్డు, ఆన్‌లైన్ సర్వే, సోషల్ మీడియాలో బంధువులు పెట్టిన సంతాప ప్రకటనలు. పేర్లు సరిచూసి, పొంతన కుదిరినవి లెక్కగట్టి, గాయాలతో చనిపోయినవాళ్ళు 64,260 ఉంటారని 2025 జనవరిలో 'లాన్సెట్'లో ప్రచురించారు. దాని హెచ్చుతగ్గుల పరిధి 55,298 నుంచి 78,525. తొమ్మిది నెలల్లో జనాభాలో 2.9 శాతం, అంటే లక్షకు 2,900. హువారెస్ తన అత్యంత ఘోరమైన ఏడాదిలో 200 చిల్లర దగ్గర ఉంది. ఈ పద్ధతికి ఒక గుడ్డి చోటు ఉంది. ఒక కుటుంబం మొత్తం శిథిలాల కింద పోతే ఆన్‌లైన్ సర్వేలో పేరు నింపేవాళ్ళు, సంతాపం పెట్టేవాళ్ళు మిగలరు. అలాంటివాళ్ళు మూడు జాబితాలకూ ఒక్కసారే దూరమవుతారు, అంచనా అసలుకన్నా తగ్గుతుంది.

ఆ గాజా మృతుల్లో వయసు, లింగం తెలిసినవాళ్ళలో 59.1 శాతం ఆడవాళ్ళు, పిల్లలు, 65 ఏళ్ళు దాటినవాళ్ళు. యుద్ధానికీ నగర హింసకూ నాకు కనిపించే అతి పెద్ద తేడా ఇదే. నగర హత్యల్లో చనిపోయేవాళ్ళలో ఐదింట నలుగురు మగవాళ్ళు, ఎక్కువగా యువకులు. జాగ్రత్తపడటానికి, ఒక పేట వదిలి పోవడానికి, ఒక స్నేహం తెంచుకోవడానికి కొద్దిగానైనా వీలుంటుంది. ఆకాశం నుంచి పడే బాంబుకు ఆ వయసు తేడా లేదు.

ఆడవాళ్ళ సంగతి మాత్రం శాంతికాలంలోనూ వేరు. ఐక్యరాజ్యసమితి మాదకద్రవ్యాలు, నేరాల విభాగం లెక్కలో 2017లో ప్రపంచంలో హత్యలు 4,64,000, సాయుధ సంఘర్షణల్లో మరణాలు 89,000. అంటే యుద్ధం కన్నా ఐదు రెట్లు హత్యలు. ఆ ఏడాది హత్యకు గురైన ఆడవాళ్ళు 87,000. అందులో 50,000 మందిని చంపింది భర్త, ప్రియుడు లేదా ఇంట్లోవాళ్ళు. ఏ వీధి, ఏ పిన్‌కోడ్ అని మ్యాపు మీద ఎర్ర చుక్కలు పెట్టేవాళ్ళకు ఈ మరణాలు దొరకవు. అవి ఇంటి గడప లోపల జరుగుతాయి.

ఇంకో తేడా వైద్యులది. గాయపడ్డ అమెరికా సైనికుల్లో చనిపోయేవాళ్ళు రెండో ప్రపంచయుద్ధంలో 30 శాతం, వియత్నాంలో 24 శాతం, ఇరాక్, అఫ్గానిస్తాన్‌లలో 10 శాతం. యుద్ధభూమికి దగ్గరగా చిన్న శస్త్రచికిత్స బృందాల్ని పెట్టడం, రక్తస్రావం ఆపే పట్టీల్ని ప్రతి సైనికుడి చేతికీ ఇవ్వడం, గంటల్లో విమానంలో తరలించడం దీనికి కారణాలు. నగరాల్లోనూ అంతే. 1990ల చివర అమెరికాలో ఏడాదికి 15,000 నుంచి 20,000 హత్యలు జరుగుతున్నప్పుడు, అత్యవసర వైద్యం 1960 నాటి స్థాయిలోనే ఉండి ఉంటే అవి 45,000 నుంచి 70,000 అయ్యేవని ఆంథొనీ హారిస్ బృందం 2002లో లెక్కగట్టింది. హత్యల రేటు తగ్గిందంటే కాల్చేవాళ్ళు తగ్గారనే కాదు, కుట్టేవాళ్ళు పెరిగారని కూడా కావచ్చు. కాళ్ళు పోయి, వెన్నెముక దెబ్బతిని చక్రాల కుర్చీలో బతికేవాళ్ళు 'లక్షకు ఇంత' అన్న అంకెలో ఎక్కడా ఉండరు.

చివరికి, ఒక చావును యుద్ధం పద్దులో రాయాలా, హత్య పద్దులో రాయాలా అన్నది ఎవరు నిర్ణయిస్తారు? స్వీడన్‌లోని ఉప్సాలా విశ్వవిద్యాలయం సంఘర్షణల పట్టిక రాస్తుంది. ఒక ఏడాదిలో పోరుకు సంబంధించిన మరణాలు 25కు చేరితే దాన్ని సంఘర్షణగా ఎంచుతుంది. రాజ్యం ప్రమేయం లేకపోయినా సరే, వ్యవస్థీకృతమైన గుంపులు కొట్టుకుంటే చాలు. అందుకే మెక్సికో ముఠాల పోరు మెక్సికో ప్రభుత్వానికి హత్యలు, ఉప్సాలాకు సంఘర్షణ. ఎల్ సాల్వడార్‌లో 2022 మార్చిలో అత్యవసర పరిస్థితి పెట్టి వేలమందిని జైళ్ళలో వేశాక 2023లో అధికారిక హత్యలు 154కు పడిపోయాయి. వీధులు నిజంగానే శాంతించాయని అక్కడి ప్రజలు గట్టిగా చెబుతున్నారు. పోలీసుల చేతిలో చనిపోయిన ముఠా సభ్యుల్ని ఆ 154లో కలపలేదని మానవహక్కుల సంస్థలు అభ్యంతరం చెబుతున్నాయి. రెండు మాటలూ ఒకేసారి నిజం కావడానికి అడ్డేమీ లేదు.

ఏ పద్దులో రాశారన్నది బతికున్నవాళ్ళ భవితవ్యాన్ని తేలుస్తుంది. 1951 శరణార్థుల ఒప్పందం జాతి, మతం, జాతీయత, ఒక సామాజిక వర్గపు సభ్యత్వం, రాజకీయ అభిప్రాయం అన్న ఐదు కారణాలతో వేధింపులకు గురవుతామన్న సహేతుకమైన భయం ఉన్నవాళ్ళకే రక్షణ ఇస్తుంది. లక్షకు ఎందరు చనిపోతున్నారన్న మాట అందులో లేదు. సిరియా నుంచి వచ్చినవాడి దరఖాస్తు, ముఠాలకు భయపడి ఎల్ సాల్వడార్ నుంచి వచ్చినవాడి దరఖాస్తు ఒకే బల్ల మీదికి వచ్చినా వాటి దారులు వేరు. భర్త హింసను తట్టుకోలేక పారిపోయి వచ్చిన ఒక సాల్వడార్ మహిళను అమెరికా ఇమిగ్రేషన్ అప్పీళ్ళ బోర్డు 2016లో ఆశ్రయానికి అర్హురాలంది. 2018 జూన్‌లో అమెరికా అటార్నీ జనరల్ ఆ తీర్పును కొట్టేసి, ముఠాల హింస, గృహహింస బాధితులు సాధారణంగా ఆశ్రయానికి అర్హులు కారన్నాడు. 2021 జూన్‌లో తర్వాతి ప్రభుత్వపు అటార్నీ జనరల్ ఆ నిర్ణయాన్ని రద్దు చేశాడు.